కొత్త గులాబీకి తొలి చలికాలం



వానలు వెనుకబట్టి, దీపావళి వెళ్ళి, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కొనే రోజులు వచ్చాయంటే గులాబీ మొక్కలు నాటే అదను వచ్చిందన్నమాట. పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకొనే ఇల్లాలికీ, అరెకరంలో వేసి పూలు మార్కెట్టుకు పంపదలచిన రైతుకూ పద్ధతి ఒక్కటే. తేడా అల్లా ఖర్చులోనే. పెరట్లో నాలుగు మొక్కలు పోతే మనసు నొచ్చుకుంటుంది. అటూ ఇటూ మీటరు ఎడం చొప్పున వేస్తే ఎకరానికి నాలుగు వేల మొక్కలు పడతాయి. వాటిలో సగం పోతే సంసారమే నొచ్చుకుంటుంది. కొన్న మొక్కల ధర, తవ్విన గోతుల కూలి, ఏడాది కాలం అన్నీ మట్టిలో కలిసిపోతాయి.

అట్లా పోయే మొక్కలు సాధారణంగా చలికాలంలో పోవు. ఎండలు ముదిరిన తరువాత పోతాయి. "వేసవికి తట్టుకోలేక చచ్చిపోయింది" అంటాము. నిజానికి దాని చావు నాటిన రోజునే, ఆ తరువాతి రెండు నెలల్లోనే నిర్ణయమై ఉంటుంది. కాబట్టి ఈ పూట ముఖ్యంగా చెప్పదలచినది ఒక్క మాట. కొత్త గులాబీకి తొలి చలికాలం పూలు పూయడానికి కాదు, వేళ్ళు పోసుకోవడానికి. ఈ మాట గుర్తు పెట్టుకొంటే మిగిలిన పనులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

చలికాలమే ఎందుకు?

నాటే మొక్కకు వేళ్ళు తక్కువ. నర్సరీలో త్రవ్వి తీసేటప్పుడు కొన్ని తెగుతాయి, సంచిలో పెరిగినవి కొన్ని చుట్టుకొని ఉంటాయి. పైన ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీరు ఆవిరిగా వదులుతూ ఉంటాయి. వేళ్ళు తెచ్చే నీటికంటె ఆకులు ఖర్చుచేసే నీరు ఎక్కువైతే మొక్క వాడిపోతుంది. చలికాలంలో ఎండ మెత్తగా ఉంటుంది, ఆకుల ఖర్చు తగ్గుతుంది. మన ప్రాంతంలో నేల మాత్రం గడ్డకట్టదు, గోరువెచ్చగానే ఉంటుంది. అందుచేత వేళ్ళు హాయిగా సాగుతాయి. పైన ఖర్చు తక్కువ, కింద రాబడి ఎక్కువ. సంసారం నిలదొక్కుకోవడానికి ఇంతకంటె మంచి కాలం ఏముంటుంది?

చలిదేశాలలో ఇట్లా కాదు. అక్కడ శీతకాలంలో గులాబీ ఆకు రాల్చి నిద్రపోతుంది. మంచు పడి నేల గడ్డకడుతుంది. అందుకని అతిశీతల ప్రాంతాల తోటమాలులు అంటుకట్టిన ముడిని మట్టిలోకి దింపి, పైన మరికొంత మట్టి కప్పి మొక్కను కాపాడుకొంటారు. ఆ పుస్తకాలు చదివి మనమూ అట్లాగే పూడిస్తే లాభానికి బదులు నష్టం వస్తుంది. మన వాతావరణానికి మన పద్ధతి కావాలి. ఈ విషయంలో డాక్టర్ బి. పి. పాల్ గారిని స్మరించుకోవాలి. ఆయన 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన శాస్త్రవేత్త. గోధుమ పరిశోధనలో ఎంత పేరు పొందారో గులాబీల పెంపకంలోనూ అంత పేరు పొందారు. భారతదేశంలో గులాబీ సాగును గురించి ఆయన వ్రాసిన 'ది రోజ్ ఇన్ ఇండియా' అనే గ్రంథం 1966లో వెలువడింది.

ఇక అదను మాట. తెలంగాణలోను, రాయలసీమ మెట్టప్రాంతాలలోను అక్టోబరు రెండవ పక్షంనుంచి నాటవచ్చును. కోస్తాలోను, నెల్లూరు, చిత్తూరు వైపుల్లోను అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు, ఈశాన్య ఋతుపవనాల వానలు ఉంటాయి గనుక వాన తెరిపి ఇచ్చేదాకా ఆగడం మేలు. నవంబరు నడుమ నాటిన మొక్కకు మార్చి ఆఖరుదాకా నాలుగున్నర నెలలు దొరుకుతాయి. సంక్రాంతి వెళ్ళాక నాటిన మొక్కకు రెండున్నర నెలలే. ఎట్లా చూచినా డిసెంబరు దాటకుండా నాటడం ముగించండి.

చోటు, గొయ్యి

గులాబీకి రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. ఉదయపు ఎండ అయితే మరీ మంచిది. చోటు చూచేటప్పుడు చాలామంది మరచిపోయే సంగతి ఒకటున్నది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. హైదరాబాదులోగాని, విజయవాడలోగాని డిసెంబరు చివరి వారంలో పదడుగుల గోడ నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరానికి సుమారు ఎనిమిదిన్నర అడుగుల దూరం పడుతుంది. జూన్ నెలలో ఎండగా కనిపించిన చోటు డిసెంబరులో చీకటి మూల కావచ్చును. కనుక గోడకు, ఇంటికి ఉత్తరం ప్రక్కన మొక్కలు పెట్టేముందు ఒకసారి నీడ కొలుచుకోండి. పెద్ద చెట్టు దగ్గర కూడా నాటకండి. నీడ ఒక బాధ, దాని వేళ్ళ పోటీ మరొక బాధ.

గొయ్యి మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు, అంటే అన్ని వైపులా 45 సెంటీమీటర్లు ఉండవలెను. నాటడానికి రెండు వారాల ముందే తవ్వి ఎండనివ్వండి. పైమట్టి ఒక ప్రక్క, అడుగుమట్టి ఒక ప్రక్క పోయండి. తరువాత గోతినిండా నీరు పోసి చూడండి. మర్నాటి ఉదయానికి కూడా నీరు నిలిచి ఉంటే అది గులాబీకి తగిన చోటు కాదు. నల్లరేగడి నేలల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. అటువంటిచోట జానెడు ఎత్తు మడి కట్టి, ఆ మడిమీద నాటవలెను. ఎర్ర చెల్క, గరప నేలల్లో ఈ బాధ లేదు.

పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు 10 కిలోలు, వేపపిండి 200 గ్రాములు కలిపి గోతిని నింపండి. వేపపిండి చెదలను కొంతవరకు అడ్డుకొంటుంది. పచ్చి పేడ ఎంతమాత్రం వేయరాదు. అది మట్టిలో మురిగేటప్పుడు వేడి పుట్టి లేత వేళ్ళను మాడుస్తుంది, చెదలనూ పిలుస్తుంది. యూరియా వగైరాల అవసరం ఇప్పుడు లేదు. గొయ్యి నింపిన తరువాత రెండు తడులు పెట్టి మట్టిని కూర్చోనివ్వండి. ఈ పని చేయకుండా నాటితే తరువాత మట్టి దిగుతుంది, మట్టితోపాటు మొక్కా దిగుతుంది.

మొక్క ఎన్నిక

తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీలు పేరుపొందినవి. ఇతరచోట్లా మంచి నర్సరీలున్నాయి. ఎక్కడ కొన్నా విరగబూసిన మొక్కను చూచి మోసపోకండి. పువ్వును కాదు, మొదలును చూడండి. పెద్ద పూల గులాబీ అంటే సాధారణంగా రెండు మొక్కల కలయిక. కింద మొండిజాతి వేరుమొక్క, పైన మంచిజాతి కన్ను. ఆ కన్ను అతికిన చోట ఉబ్బెత్తుగా ముడి ఉంటుంది. ముడి గట్టిగా, పగుళ్ళు లేకుండా ఉండాలి. ముడిపైనుంచి పెన్సిలంత లావు కొమ్మలు రెండు మూడు ఉండాలి. కొమ్మ నల్లబడి, కొననుంచి ఎండుకొస్తూ ఉంటే ఆ మొక్క వద్దు. కొమ్మమీద తెల్లని, గోధుమరంగు పొలుసులు అంటుకొని ఉంటే అవి పొలుసు పురుగులు. ఆ మొక్కతో అవి మీ తోటకంతటికీ చుట్టాలవుతాయి.

పూలు అమ్ముకొనేవారు ఏ మార్కెట్టుకు పంపుతారో ముందుగా తేల్చుకోవాలి. దండలకు, పూజకు విడిపూలు కావాలి. బొకేలకు పొడుగు కాడ కావాలి. హైదరాబాదు గుడిమల్కాపూరు మార్కెట్టుకు పంపేవారు ఒక ఉదయం అక్కడికి వెళ్ళి ఏ రంగు ఏ రూపంలో అమ్ముడవుతున్నదో చూచి వచ్చి, ఆ తరువాత మొక్కలు కొనడం బుద్ధిమంతుల పని.

నాటే విధానం

సాయంకాలం నాటండి. రాత్రంతా మొక్కకు విశ్రాంతి దొరుకుతుంది. పాలిథీన్ సంచిలో ఉన్న మొక్కను లాగవద్దు. సంచిని అడుగున, ప్రక్కన కోసి, మట్టిగడ్డ చెదరకుండా తీయండి. కొన్ని మొక్కలు సంచిలో కాక జిగట ఒండ్రుమట్టి ముద్దతో వస్తాయి. ప్రయాణానికి ఆ ముద్ద మంచిదే. కాని ఎండితే రాయిలా గట్టిపడుతుంది. దానిని అట్లాగే పాతిపెడితే మనం పోసిన నీరు ముద్ద చుట్టూ జారిపోతుంది. లోపలి వేళ్ళు మాత్రం దాహంతోనే ఉంటాయి. పైకి పాదు తడిగా ఉన్నది, మొక్క వాడిపోతున్నది, కారణం తెలియదు! కనుక ముద్దను బకెట్టు నీటిలో గంటసేపు నానబెట్టి, మెత్తబడ్డాక పైపొరను వ్రేళ్ళతో మెల్లగా వదులుచేసి, వేళ్ళ కొనలు బయటికి కనిపించేటట్లు చేసి నాటవలెను.

ముడికి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉన్నదేమో చూడండి. కన్ను అతికి చిగురు బలిసిన తరువాత దానితో పనిలేదు. విప్పకపోతే కొమ్మ లావయ్యేకొద్దీ గొంతు బిగించినట్లు బిగుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన కొలత. అంటుముడి నేలకు మూడు వ్రేళ్ళ ఎత్తున, అంటే సుమారు 5 సెంటీమీటర్లు పైన ఉండవలెను. మన వెచ్చని తడినేలలో ముడి పూడితే అక్కడ కుళ్ళు పట్టవచ్చును. పైగా వేరుమొక్క పిలకలు ఎక్కడనుంచి వస్తున్నాయో కనిపించదు. గోతిమీద అడ్డంగా ఒక కర్ర పెట్టి ముడి ఎత్తు చూచుకొంటే పొరపాటు రాదు. మట్టిని చేతులతో గట్టిగా నొక్కి, చుట్టూ పాదు చేసి, నిండా నీరు పోయండి. మర్నాడు మట్టి దిగి ఉంటే మళ్ళీ సరిచేయండి. నాలుగైదు రోజులు మధ్యాహ్నపు ఎండ తగలకుండా కొబ్బరి మట్టనో, తాటాకునో అడ్డం పెడితే చాలు. గాలికి ఊగే మొక్కకు సన్నని కర్ర పాతి వదులుగా కట్టండి. మొక్క ఊగిందంటే అప్పుడే పుట్టిన లేతవేళ్ళు తెగుతాయి.

నీరు, మేత

మొదటి మూడు వారాలు రెండు మూడు రోజులకొక తడి. తరువాత వారానికి రెండు తడులు. ఇది లెక్కకు చెప్పిన మాట. అసలు లెక్క మీ వ్రేలు చెబుతుంది. పాదులో రెండు కణుపుల లోతు వ్రేలు గుచ్చండి. తడి తగిలితే నీరు వద్దు, పొడిగా ఉంటే పెట్టండి. చలికాలంలో గులాబీలు దాహంతో చచ్చేకంటె అతినీటితో చచ్చేవే ఎక్కువ.

నెల దాటి కొత్త చిగుళ్ళు ఎర్రగా మెరిసే దాకా ఏ ఎరువూ వేయకండి. ఆ తరువాత ఒక కిలో వేరుశెనగ చెక్కను పది లీటర్ల నీటిలో నాలుగు రోజులు నానబెట్టి, తేరిన నీటికి పదింతలు మంచినీరు కలిపి, పదిహేను రోజులకొకసారి మొక్కకు ఒక లీటరు పోస్తే సరిపోతుంది. సున్నపు నేలల్లో లేత ఆకులు పసుపుపచ్చనై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు ఒక గ్రాము కలిపి ఆకులమీద చల్లండి. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చల్లితే ఆకు పచ్చబడుతుంది.

తొలి మొగ్గల త్యాగం

నాటిన నెలా నెలన్నరలో మొగ్గలు వస్తాయి. ఇక్కడే మనసు గట్టిచేసుకోవాలి. మొగ్గ బఠాణీ గింజంత ఉన్నప్పుడే గోటితో తుంచివేయండి. ఆకులను మాత్రం ముట్టుకోవద్దు. ఆకే మొక్కకు వంటిల్లు. అక్కడ వండిన అన్నాన్ని అందరికంటె ముందు పువ్వు తినివేస్తుంది. మిగిలితేనే వేళ్ళకు. తొలిమొగ్గలు తీసివేస్తే ఆ అన్నమంతా వేళ్ళకు, కొత్త కొమ్మలకు చేరుతుంది.

"మార్గశిరంలో పెళ్ళిళ్ళు, ఆ వెంటనే సంక్రాంతి, పువ్వుకు ధర ఉన్న రోజుల్లో తుంచి పారెయ్యమంటారా?" అని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. కాని లేతమొక్క ఇచ్చే తొలిపువ్వు కాడ పొట్టిది, సన్ననిది. మార్కెట్టులో దానికి వచ్చేది అడుగు ధర. ఆ నాలుగు రూకలకోసం అయిదారేళ్ళు కాపు ఇవ్వవలసిన మొక్కను వేసవికి బలి ఇవ్వడం ఏ లెక్కన లాభం? మొక్కకు మూడు నాలుగు గట్టి కొమ్మలు సాగేదాకా ఓపిక పట్టండి. నవంబరు మొదట్లో నాటినవి మాఘమాసపు పెళ్ళిళ్ళనాటికి మీ ఓపికకు ఫలం చూపిస్తాయి. అప్పుడైనా పొడుగు కాడకు ఆశపడక, కొమ్మమీద అయిదేసి రేకుల ఆకులు కనీసం రెండు మిగిలేటట్లు, బయటివైపు చూచే కన్నుకు కాస్త పైన కోయండి.

దొంగ పిలకలు

కొందరి తోటలో వింత జరుగుతుంది. ఎర్రని పెద్దపూల మొక్క నాటుతారు. రెండేళ్ళకు అది ఏపుగా పెరిగి, చూడబోతే ఆకులే ఆకులు. ఎప్పుడో ఒకసారి గుత్తులుగా చిన్న తెల్లపూలు. "గులాబీ జాతి మారిపోయింది" అంటారు. జాతి మారలేదండీ, యజమాని మారాడు. అంటుముడికి క్రిందనుంచి వేరుమొక్క పిలక వేసింది. అది మొండిజాతి, బలం ఎక్కువ. పైనున్న మంచిజాతి మేతను లాగుకొని చివరకు దానినే చంపివేసింది.

ఏడు రేకుల ఆకుంటే దొంగపిలక, అయిదు రేకులుంటే మంచికొమ్మ అని వాడుకలో ఉన్నది. అది నమ్మదగిన గుర్తు కాదు. మంచిజాతులలోనూ ఏడు రేకుల ఆకులు వస్తాయి. సరైన గుర్తు పుట్టిన చోటు. ముడికి పైన పుట్టినది మనది, క్రింద పుట్టినది పరాయిది. అనుమానం వస్తే మట్టి తొలగించి చూడండి. ముడిని పూడ్చవద్దని అంతగా చెప్పింది ఇందుకే. పిలకను నేలమట్టానికి కత్తిరించరాదు. మిగిలిన మొదట్లోని కన్నులు ఒకటికి నాలుగు పిలకలు వేస్తాయి. మట్టి తీసి, అది పుట్టినచోటనే పట్టుకొని క్రిందికి లాగి పెరికివేయండి. తొలి చలికాలంలో పదిరోజులకొకసారి మొదళ్ళు చూస్తే ఇది నిమిషంలో తేలే పని.

తెగుళ్ళు రెండు, స్వభావాలు రెండు

చలిరాత్రులు, పొడి పగళ్ళు వస్తే లేతచిగుళ్ళమీద తెల్లని పొడి చల్లినట్లు బూడిద తెగులు కనిపిస్తుంది. దీనికి ఆకు తడవనక్కరలేదు. కనిపించగానే నీటిలో కలిసే గంధకపు పొడి లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి, ఎండ ముదరకముందే చల్లండి. రెండవది నల్లమచ్చ తెగులు. దీని స్వభావం వేరు. ఆకు ఏడు గంటలైనా వరుసగా తడిగా ఉంటేనే ఇది పట్టుకొంటుంది. అందుచేత సాయంకాలం ఆకులమీద నీరు చల్లడం మానండి. ఉదయం పూట పాదులోనే పోయండి. రాలిన మచ్చాకులను ఏరి కాల్చండి. సగం రోగం మందు లేకుండానే పోతుంది. పొలుసు పురుగు కనిపిస్తే సబ్బునీటిలో ముంచిన గుడ్డతో కొమ్మను తుడవండి. మరీ పట్టిన కొమ్మను కోసి కాల్చండి. ఎండిన కొమ్మకొనను పచ్చిభాగం వచ్చేదాకా కత్తిరించి, కోసిన చోట బోర్డోపేస్టు పూయండి.

వేసవి గడప

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ సమయానికే పాదులలో వేరుశెనగ పొట్టుగాని, ఎండుటాకుగాని, చివికిన ఊకగాని బెత్తెడు మందాన పరచండి. మొదలుకు మాత్రం తగలనివ్వకండి. నేల చల్లగా ఉంటుంది, తడి నిలుస్తుంది. ఎండాకాలంలో కొమ్మలు కత్తిరించవద్దు. ఆ నీడ మొక్కకే కావాలి. తొలి అసలు కత్తిరింపు మళ్ళీ వచ్చే అక్టోబరులో, వానలు వెళ్ళాక. అక్కడికి నెలా పదిహేను రోజుల్లో నిజమైన కాపు మొదలవుతుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు మీ గులాబీ తలవంచక నిలబడితే, ఆ బలం అప్పుడు పోసిన నీటిది మాత్రమే కాదు. చలిరోజుల్లో మట్టిక్రింద ఎవరికీ కనిపించకుండా సాగిన వేళ్ళది. కాబట్టి మరొకసారి చెబుతున్నాను. డిసెంబరులోపల నాటండి. ముడి మూడు వ్రేళ్ళ ఎత్తున ఉంచండి. వ్రేలు గుచ్చి చూచి నీరు పెట్టండి. తొలిమొగ్గలు తుంచండి. దొంగపిలక పెరకండి. ఈ అయిదూ చేసినవారి తోటలో వచ్చే ఏడాది కార్తీకానికి కత్తిరింపు కత్తెరకు పని ఉంటుంది, మార్గశిరానికి పూలబుట్టకు పని ఉంటుంది.